జిల్దు అట్టల్లో దొరికిన రెఫరెన్సులు

థీసిసు టైపు చేయించుకోవడానికి మా ఇంటికి వచ్చే డాక్టరు పిల్లలందరిదీ ఒకే వరస. వ్యాసమంతా చక్కటి చేతిరాతతో తెస్తారు. చివర రెఫరెన్సుల దగ్గరికి వచ్చేసరికి జేబులోంచి ఒక నలిగిన చీటీ తీసి, "ఇవి మీరే జర సర్దుండ్రి అంకుల్" అంటారు. నేను సర్దను. ముసలాయనకు చాదస్తం అనుకుంటూ వెళ్ళిపోయినవాళ్ళు వెళ్ళిపోగా, ఎందుకు సర్దరని నిలబడి అడిగినవాళ్ళకు చాయ్ ఇప్పించి ఈ సంగతి చెబుతుంటాను. పదిమందికి విడివిడిగా చెప్పేకంటే ఒకసారి రాసిపెడితే నా గొంతుకైనా విశ్రాంతి ఉంటుందని ఇప్పుడు కూర్చున్నాను.

నలభైల మొదటి సంవత్సరాల మాట. యుద్ధం నడుస్తోంది. మాది కాశిబుగ్గ. ఇంటిల్లిపాదీ మగ్గం మీద కూర్చునేవాళ్ళే, కుర్చీ మీద కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే. హనుమకొండలో టైపు నేర్చుకుని ఒక సర్కారు దవాఖానలో తాత్కాలికపు టైపిస్టుగా చేరాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. దఫ్తరంతా ఉర్దూలో నడిచేది. ఇంగ్లీషు టైపు మిషన్ ఒక్కటే ఉండేది, దాని మీద చేయి వేసేవాణ్ణీ నేనొక్కణ్ణే. పోటీ లేని చోట మొదటివాడు కావడం ఎంత తేలికో అప్పుడు తెలియదు కాబట్టి కాస్త తలబిరుసుగానే ఉండేవాణ్ణి. నా కాగితంలో తప్పు చూపిస్తే చాయ్ తాగిస్తానని అందరితో పందెం కట్టేవాణ్ణి.

మా డాక్టరమ్మ మద్రాసులో చదువుకుని వచ్చిన మనిషి. నలభై దాటాయి, తల ముందు భాగం నెరిసింది, నడక మాత్రం మాకెవ్వరికీ అందేది కాదు. ఆమె పట్టుకున్న పని నారికురుపు. ఇప్పటి పిల్లలకు ఆ పేరే తెలియదు, అదృష్టవంతులు. మెట్లు దిగి, కాళ్ళు నీళ్ళలో పెట్టి, కుండ ముంచుకునే దిగుడుబావులున్న ఊళ్ళలో ఆ జబ్బు ఉండేది. ఆ నీళ్ళు తాగిన ఏడాదికి కాలి చర్మం పొక్కి, అందులోంచి తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని ఒక పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగాలి. మధ్యలో తెగిందా, కాలు వాచిపోయి మనిషి మంచాన పడతాడు. ఎండాకాలం వస్తే మా వరండా పొడుగునా కాళ్ళకు పుల్లలు కట్టుకున్న రైతులూ కూలీలూ కూర్చుని ఉండేవాళ్ళు. పొలం దుక్కి దున్నే వేళకే సరిగ్గా వాళ్ళ కాళ్ళు పోయేవి.

డాక్టరమ్మ ములుగు వైపు ఊళ్ళన్నీ ఏళ్ళ తరబడి తిరిగింది. ఏ ఊళ్ళో ఏ బావి, ఆ బావిలోకి మనుషులు దిగుతారా, పైనుంచి చేదతో తోడతారా, ఎవరి కాలికి ఎప్పుడు పురుగు వచ్చింది, అన్నీ రాసుకుంది. పురుగున్న కాలితో బావిలో దిగితే దాని పిల్లలు నీళ్ళలో పడి తాగేవాళ్ళకు చేరతాయి కాబట్టి, బావి మెట్లు మూసేసి, చుట్టూ గోడ కట్టి, గిలక పెడితే జబ్బు పోతుందని ఆమె మాట. ఆ మాటే పైకి రాసి పంపితే హైదరాబాదులోని పై అధికారి ఒక వాక్యంలో జవాబిచ్చాడు. జిల్లా డాక్టర్ల అభిప్రాయాల మీద సర్కారు బావులు కట్టదు, ఏదైనా వైద్య పత్రిక దీన్ని అచ్చువేస్తే అప్పుడు చూద్దాం అని. ఆడ డాక్టరు రాసినదాన్ని ఏ పత్రిక వేస్తుందిలే అని ఆయన ధీమా. ఆ కాగితాన్ని డాక్టరమ్మ తన బల్ల అద్దం కింద పెట్టుకుంది. వ్యాసం అచ్చయితే బావుల ఫైలు కదులుతుంది, లేకపోతే అటకెక్కుతుంది. అది మా అందరికీ తెలుసు.

వ్యాసం టైపు చేసే పని నాకే వచ్చింది. చివర ముప్పై చిల్లర రెఫరెన్సులు. వాటికి పత్రిక వాళ్ళు పెట్టిన పద్ధతి ఉంది. రచయిత పేరు, సంవత్సరం, పత్రిక పేరు పొట్టిగా, దాని కింద ఒక గీత, తర్వాత సంపుటం నంబరు, దాని కింద సిరాతో వంకర గీత, చివర పేజీ. డాక్టరమ్మ తన చిత్తులో రచయిత పేరు రాసి, మా దవాఖాన అల్మారాలో ఆ వ్యాసం ఏ జిల్దులో, అంటే సంచికలన్నీ కలిపి కుట్టించిన పుస్తకంలో, ఏ పేజీలో ఉందో గుర్తు పెట్టింది. మిగిలిన వివరాలు నన్ను చూసి నింపమంది. ఒక్క పాత వ్యాసానికి మాత్రం అన్నీ తానే రాసిచ్చింది. నేను అల్మారా తెరిచాను. ఒక్కొక్క జిల్దు వీపు మీద మా హెడ్ క్లర్కు సాబ్ అందమైన చేతిరాతతో ఒక సంవత్సరం, దాని కింద ఒక నంబరు రాసి అంటించాడు. సంవత్సరం ఫసలీ. సర్కారు కాగితాలన్నీ ఆ లెక్కలోనే నడిచేవి. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే ఫసలీకి ఐదువందల తొంభై కలపాలని నాకు బడి రోజుల నుంచీ తెలుసు. కలిపాను. కింది నంబరును సంపుటం నంబరుగా వేసుకున్నాను. ఒక్క పూటలో పట్టిక తయారైంది. వంకర గీతలు కూడా అచ్చు పోసినంత ముద్దుగా వచ్చాయి. డాక్టరమ్మకు చూపిస్తే, "నువ్వు చూశావుగా, చాలు" అని సంతకం పెట్టింది.

ఒక విషయం మాత్రం నా కంటపడింది. ప్రతి జిల్దులోనూ మధ్యలో పేజీ నంబర్లు మళ్ళీ ఒకటి నుంచి మొదలయ్యేవి. అచ్చువాళ్ళ నిర్లక్ష్యం అనుకుని, జాలిపడి వదిలేశాను.

రెండు నెలలకు కవరు తిరిగొచ్చింది. సంపాదకుడు మర్యాదగానే రాశాడు, ఆ మర్యాదే ఎక్కువ కాల్చింది. వ్యాసంలోని విషయం ముఖ్యమైనదే, కానీ తమవాళ్ళు రెఫరెన్సులు తీసి చూస్తే దాదాపు ఏదీ ఆ సంపుటంలో, ఆ సంవత్సరంలో దొరకలేదు, కొన్ని సంపుటాలు లోకంలోనే లేవు అన్నాడు. చదివిన పుస్తకాల పేర్లే సరిగా రాయలేనివారు చూసిన రోగుల సంగతి సరిగా రాశారని పాఠకులు ఎలా నమ్ముతారని అడిగాడు. ఆరు వారాల్లో సరిచేసి పంపితే మళ్ళీ చూస్తామని, లేకపోతే ఇంతటితో సరి అని ముగించాడు.

డాక్టరమ్మ ఆ ఉత్తరం నా చేతికిచ్చి, నేను చదివేదాకా ఆగింది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇన్నేళ్ళు ఆ ఊళ్ళ మట్టిలో తిరిగి రాసుకున్నాను బాబూ. ఒక్క రోగి పేరు కూడా తప్పు పోనివ్వలేదు. ఇప్పుడు అదంతా అబద్ధమైపోయింది" అంది.

ఆ రోజు నేను అన్నం తినలేదు, మర్నాడు పొద్దున్నే వెళ్ళి అల్మారా ముందు కూర్చున్నాను. అప్పుడు గానీ నా తెలివి నాకు కనిపించలేదు. జిల్దు వీపు మీది కింది నంబరు సంపుటం కాదు, మా అల్మారాలో ఆ జిల్దు వరస నంబరు. ఇక ఫసలీ ఏడాది ఆజూరు నెలతో, అంటే అక్టోబరులో మొదలవుతుంది. హెడ్ క్లర్కు సాబ్ ఆజూరు నుంచి ఏడాది చివరి నెల ఆబాన్ దాకా వచ్చిన సంచికలను ఒక కట్టగా కట్టి బైండింగుకు పంపాడు. దాంతో ప్రతి జిల్దులోనూ ఒక ఇంగ్లీషు సంవత్సరం తోక, ఇంకో సంవత్సరం మొండెం కలిసి కుట్టబడ్డాయి. పేజీ నంబర్లు మధ్యలో మళ్ళీ మొదలైంది అందుకే. పాపం అచ్చువాళ్ళ తప్పేమీ లేదు.

సాబ్‌ను అడిగితే ఆయన ససేమిరా తన తప్పు ఒప్పుకోలేదు. తన లెక్కలో లోపం లేదని, ఏడాది మధ్యలో సంవత్సరం మొదలుపెట్టే అలవాటు ఆ పత్రికవాళ్ళదేనని వాదించాడు. ఆయన కుర్చీలోంచి చూస్తే అది నిజమే.

సంవత్సరాలు ఎలాగో సరిపడ్డాయి గానీ సంపుటం నంబర్లు రాలేదు. అవి ఉండేది సంచిక అట్ట మీద, దాని వెనకాల విషయసూచిక మీద. బైండింగులో ఆ అట్టలన్నీ పోయాయి. లోపలి పేజీల మీద వ్యాసం పేరు, పేజీ నంబరు తప్ప మరేమీ లేదు. కొన్ని పత్రికలు ఏడాదికి ఒక సంపుటం తెస్తే కొన్ని రెండు తెచ్చేవి, యుద్ధం వల్ల కొన్ని ఆగి మళ్ళీ మొదలయ్యాయి. నేను వేళ్ళ మీద లెక్కలు కట్టి ఒక పట్టిక చేసి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ దాన్ని చదవకుండానే పక్కన పెట్టింది. "లెక్క కట్టి రాయొద్దు. కళ్ళతో చూసి రాయి. చూడనిది నా కాగితం మీద ఉండకూడదు" అంది. హైదరాబాదు గ్రంథాలయానికి అర్జీ పెడదామంటే అది ఆ పై అధికారి బల్ల మీదుగానే పోవాలి. ఆరు వారాల్లో అప్పటికే పది రోజులు కరిగిపోయాయి.

చివరికి జిల్దులు కట్టిన ముసలాయన దగ్గరికి పోయాను. అట్టలను ఏ కిరాణా కొట్టుకో అమ్మేసి ఉంటాడని నా అనుమానం, ఆశ పెద్దగా లేదు. ఆయన చెట్టు బెరడు లాంటి చేతులతో ఏదో లెక్కల పుస్తకం కుడుతున్నాడు. అట్టలు ఏం చేశావు తాతా అంటే, నేనేదో నింద వేసినట్టు చూశాడు.

"అచ్చు కాయితం పారేస్తనా బిడ్డా? పాపం తాకదా?" అన్నాడు. "లడాయి మొదలైనంక మందం అట్ట బజార్ల యాడ దొరికింది? మీ సాబేమో ఏండ్ల సంది పడ్డ సంచికలన్నీ ఒక్కపాలే ఇచ్చి జల్ది గావాలె అన్నడు. ఆ పై కాయితాలే ఒకదాని మీద ఒకటి మైదపిండితోని అతికిచ్చి, ఎండవెట్టి, అట్ట జేసిన. ఏ జిల్దు కాయితాలు ఆ జిల్దుకే. ఎటు పోలేదు, అండ్లనే ఉన్నయి."

నాకు ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. మనం వెతుకుతున్నది మొత్తం మన అల్మారాలోనే, మనం రోజూ పట్టుకుని తెరిచే ఆ గట్టి అట్టల లోపలే ఉంది. పరుగున దవాఖానకు వచ్చి చెప్పాను. డాక్టరమ్మ నవ్వేసింది. మిగిలింది హెడ్ క్లర్కు సాబ్. సర్కారు జిల్దుల అట్టలు ఊడదీయాలంటే ఆయన సంతకం కావాలి.

ఆయన మొదట లేదన్నాడు. సర్కారు సామాను చింపితే నా నౌకరీ, ఆయన పింఛను రెండూ పోతాయన్నాడు. నేను వరండాలోకి చేయి చూపించాను. ములుగు పక్క నుంచి ఎడ్లబండిలో వచ్చిన ఒక రైతు కాలికి కట్టిన పుల్లను పట్టుకుని కూర్చుని ఉన్నాడు. సాబ్ అటు చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత రిజిస్టరు తెరిచి ఉర్దూలో ఒక వాక్యం రాసి, నావైపు తిప్పాడు.

"చింపుడు అనకు మియా. మరమ్మత్ కోసం బయటికి పంపినం. సర్కారీ మాల్ ఒక్కటే పోవద్దు గద, నేను గూడ వస్తా" అన్నాడు.

ఆ రోజు మా వాడకట్టు ముఖం మీరు చూడాల్సింది. పొద్దున్నే జిల్దులన్నీ బండిలో కాశిబుగ్గకు వచ్చాయి. బైండరు తాత కుట్లు తెగకుండా ఒక్కొక్క అట్టనూ కత్తితో వేరు చేసి ఇచ్చాడు. నేను ఆత్రంగా ఒకదాన్ని వేడినీళ్ళలో ముంచి గోటితో లాగితే, పై కాగితం చర్రున రెండుగా చిరిగింది. మా అమ్మ నన్ను పక్కకు నెట్టేసింది. చదువు రాని మనిషి, కానీ పుట్టినప్పటి నుంచి నూలుకు పెట్టే గంజితోనే ఆమె బతుకు.

"గంజి తోటి కొట్లాడొద్దు కొడుకా" అంది. "గోరువెచ్చటి నీళ్ళల్ల వెట్టి ఊకో. దానంతటదే ఇడుస్తది. నువ్వు గుంజితే నూలైనా తెగుతది, కాయితమెంత?"

వాడలో ఉన్న వెడల్పాటి గంజి గాబులన్నీ బయటికి వచ్చాయి. అమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు అట్టలను నానబెట్టి, పిండి కరిగేదాకా ఆగి, అరచేతిని కాగితాల మధ్య మెల్లగా జరుపుతూ పొర వెంట పొర తీశారు. నల్లటి అచ్చు చెక్కుచెదరలేదు. మొదటి పొర చేతికి వచ్చినప్పుడు దాని మీద పత్రిక పేరు, కింద సంపుటం, నెల, సంవత్సరం కనిపించాయి. నేను గట్టిగా అరిచాననుకుంటాను, పక్క మగ్గాలు ఆగిపోయి మనుషులు బయటికి వచ్చారు. నూలు ఆరబెట్టే తాళ్ళ మీద వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా లండను, కలకత్తా, మద్రాసు పత్రికల ముఖాలు ఆరాయి. హెడ్ క్లర్కు సాబ్ కుర్చీ వేయించుకుని, గొడుగు కింద కూర్చుని, తాడు మీది ప్రతి కాగితాన్నీ నమోదు చేశాడు. ఈసారి రెండు సంవత్సరాలూ పక్కపక్కనే రాశాడు, ఫసలీనే ముందు.

డాక్టరమ్మ మధ్యాహ్నం వచ్చి ఆ తాళ్ళ మధ్య నడుస్తూ విషయసూచికలు చదవడం మొదలుపెట్టింది. ఒకచోట ఆగిపోయి నన్ను పిలిచింది. ఈ జబ్బు గురించి రాసిన ప్రతివాళ్ళూ ఉదహరించే ఒక పాత వ్యాసం ఉంది. దాన్ని ఆమె స్వయంగా చూడలేదు, ఇంకొకరి పట్టికలోంచి ఎత్తి రాసుకుంది. వాళ్ళందరూ చెప్పిన సంపుటం మా తాడు మీదే ఆరుతోంది, అందులో ఆ వ్యాసం లేదు. ఇద్దరం చెరో తాడు పట్టుకుని వెతికాం. అది వేరే పత్రికలో, రెండేళ్ళ ముందటి సంచికలో దొరికింది. ఎవరో ఒకరు మొదట తప్పు రాస్తే, చూడకుండా అందరూ ఒకరి వెనకాల ఒకరు అదే రాసుకుంటూ పోయారు. మేము తెలివితక్కువవాళ్ళమే గానీ ఒంటరివాళ్ళం కాదని నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఒకే ఒక్క రెఫరెన్సు దొరకలేదు. నేను మొదట చింపిన కాగితం అదేనేమోనని ఇప్పటికీ అనుమానం. డాక్టరమ్మ దాన్ని కొట్టేసి, దాని మీద ఆధారపడిన వాక్యాన్ని కూడా వ్యాసంలోంచి తీసేసింది. మంచి వాక్యం, నాకు బాధేసింది.

కొత్త పట్టిక టైపు చేయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ప్రతి వరసా కొట్టాక సాబ్ అసలు కాగితం పట్టుకుని పైకి చదివేవాడు, నేను నాది చూసుకునేవాణ్ణి. ఆ పాత వ్యాసం సంగతి డాక్టరమ్మ సంపాదకుడికి విడిగా, వినయంగా ఒక ఉత్తరంలో రాసింది. గడువుకు వారం ముందే కవరు పోస్టయింది.

జవాబు తొందరగానే వచ్చింది. వ్యాసం తీసుకున్నామని, తమ బల్ల మీదికి ఇంత నమ్మకమైన రెఫరెన్సుల పట్టిక వచ్చి చాలా కాలమైందని, ఆ పాత వ్యాసం విషయంలో తమ పత్రిక కూడా ఏళ్ళుగా తప్పు వేస్తూ వచ్చిందని, దిద్దుబాటు వేస్తున్నామని ఉంది. డాక్టరమ్మ దాన్ని దఫ్తరు మధ్యలో నిలబడి పైకి చదివింది. సాబ్ తన డబ్బుతో అందరికీ చాయ్ తెప్పించాడు. బైండరు తాతకూ మా అమ్మకూ కబురు పంపితే, అమ్మ సంగతంతా విని, ఇంత చిన్నదానికి అంత గాబరా ఎందుకు పడ్డారని అడిగింది.

అచ్చయిన సంచికను ఫైలుకు జతచేసి హైదరాబాదు పంపాం. తన మాట తానే రాసిచ్చి ఉన్నాడు కాబట్టి పై అధికారికి సంతకం పెట్టక తప్పలేదు. కొన్నాళ్ళకు ఆయన నుంచి డాక్టరమ్మకు ఇంకో ఉత్తరం వచ్చింది. తానూ ఒక వ్యాసం రాస్తున్నానని, రెఫరెన్సులు సరిచూడటానికి మీ టైపిస్టును పది రోజులు పంపగలరా అని. పంపలేనని ఆమె ఒక వాక్యంలో జవాబిచ్చింది. ఆ వాక్యాన్ని టైపు చేసినంత ఇష్టంగా నేను జీవితంలో మరేదీ టైపు చేయలేదు.

ములుగు వైపు మొదట నాలుగు ఊళ్ళలో బావుల మెట్లు మూసి గిలకలు పెట్టారు. మొదటి ఎండాకాలం జబ్బు తగ్గలేదు. పై నుంచి వెక్కిరింపులు మొదలయ్యాయి. పాత నీళ్ళు తాగినవాళ్ళ పురుగులు ఏడాది తర్వాత గానీ బయటపడవని, ఇంకో ఎండాకాలం ఆగమని డాక్టరమ్మ అందరికీ చెప్పుకుంటూ పోయింది. ఆగాం. ఆ రెండో ఎండాకాలం ఆమె రోజూ రోగుల చీటీలు తానే తిరగేసేది, ఆ నాలుగు ఊళ్ళ పేర్ల కోసం.

ఎండలు తగ్గాక ఆ ఎండాకాలపు నివేదిక టైపు చేయమని కాగితం ఇచ్చింది. ఎడమ పక్క ఊళ్ళ పేర్లు, కుడి పక్క నారికురుపు రోగులు. అంతకుముందు అనుభవం వల్ల నేను ఆ కాగితాన్ని నమ్మకుండా వరండా రిజిస్టరు తెచ్చుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కళ్ళతో చూశాను. తర్వాతే మిషన్ ముందు కూర్చుని, ఆ నాలుగు ఊళ్ళ ఎదురుగా ఒకదాని కింద ఒకటి నాలుగు సున్నాలు కొట్టాను. ఎంత గట్టిగా కొట్టానో ఏమో, నాలుగు చోట్లా కాగితానికి చిల్లులు పడ్డాయి. డాక్టరమ్మ ఆ కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని, ఆ చిల్లుల్లోంచి కాసేపు బయటికి చూసి, మళ్ళీ టైపు చేయమనకుండా సంతకం పెట్టింది.